బీపీకి వయసు గీత గీయాలంటే ఏ మోడల్ పట్టుకోవాలి?

పోయిన వేసవిలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్న ఒక అమ్మాయి తన థీసిస్ డేటా లాప్‌టాప్‌లో పెట్టుకుని వచ్చింది. కొన్ని ఊళ్లవాళ్లకి పదేళ్లలో నాలుగైదు సార్లు కొలిచిన బీపీలు. "మిక్స్‌డ్ మోడల్ వెయ్యమంటారా మేడమ్, గ్రూపులు తీసే ట్రాజెక్టరీ మోడల్ వెయ్యమంటారా? స్ప్లైన్ అయితే లీనియరా, క్యూబిక్కా?" అని అడిగింది. "అవన్నీ తర్వాత చూద్దాం. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లని ఏం చేశావమ్మా?" అన్నాను. "తీసేశాను మేడమ్. వాళ్లుంటే గీత పాడైపోతోంది" అంది.

ఆ జవాబు వినే ఇది రాయాలనిపించింది. వయసుతో పాటు బీపీ ఎలా మారుతుందో లెక్కకట్టే వాళ్లంతా వంపుల దగ్గరే టెన్షన్ పడతారు. వంపు ఎలా గీసినా చాలాసార్లు రెండు మిల్లీమీటర్ల తేడాతో ఒకే చోటికి వస్తారు. మాత్రలు వేసుకునేవాళ్లు, మధ్యలో పోయినవాళ్లు, కొలత తీసిన తీరు, ఈ మూడూ గీతని అంతకంటే ఎక్కువ వంచుతాయి. అయినా అడిగింది మోడళ్ల గురించి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మోడల్ అంటే కొలతల మధ్యలోంచి గీత గీసే లెక్క. మిక్స్‌డ్ మోడల్ అందరి సగటు గీతతో పాటు మనిషి మనిషికీ ఉన్న తేడానీ లెక్కేస్తుంది. ట్రాజెక్టరీ మోడల్ ఒకేలా సాగేవాళ్లని గ్రూపులుగా విడదీస్తుంది. స్ప్లైన్ అంటే ముక్కలు ముక్కలుగా అతికిన గీత, అతుకు ఉన్న చోటే ముడి.

అసలు ఆకారం

మోడల్ ఏ ఆకారాన్ని పట్టుకోవాలో ముందు కళ్ల ముందు ఉండాలి. బ్రిటన్‌లోని 8 కోహార్టులని, అంటే ఏళ్ల తరబడి వెంబడించిన జన సమూహాల్ని, కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. 30,372 మంది, 1,02,583 కొలతలు, 7 ఏళ్ల పిల్లల నుంచి 80 దాటినవాళ్ల దాకా. పై బీపీ నాలుగు దశల్లో నడుస్తుందని అందులో కనిపించింది. పిల్లలు పొడవు సాగే వయసులో గబగబా పెరుగుతుంది. పెద్దయిన కొత్తలో నిదానిస్తుంది. ముప్పైల్లో మళ్లీ ఊపందుకుంటుంది. ముసలితనంలో ఆ ఊపు తగ్గి, చివరికి కిందికి దిగుతుంది. నడివయసు పెరుగుదల మగవాళ్ల కంటే ఆడవాళ్లలో నిటారుగా ఉంది. అమెరికాలో 32,833 మందితో 2020లో వచ్చిన విశ్లేషణలో ఆడవాళ్ల గీత ఇరవైల్లోనే నిటారుగా ఎక్కడం మొదలైంది. కాబట్టి ఆడ, మగ తేడాని ఒక్క సంఖ్యగా మోడల్‌లో పడేస్తే సరిపోదు. రెండు గీతల మధ్య దూరం వయసుతో మారనివ్వాలి, లేదా రెంటినీ విడిగానే గీయాలి.

కింది బీపీ కథ వేరు. 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం డేటాని 1997లో తిరగేసినప్పుడు పై బీపీ పెరుగుతూనే పోయింది, కింది బీపీ మాత్రం 50ల దాకా ఎక్కి, 60 తర్వాత దిగడం మొదలుపెట్టింది. పెద్ద ధమనులు గట్టిపడటమే దీనికి కారణం. సాగని గొట్టంలోకి గుండె రక్తాన్ని తోస్తే ఒత్తిడి ఒక్కసారిగా లేస్తుంది. గుండె సేద తీరే క్షణంలో ఆ ఒత్తిడిని పట్టి ఉంచే సాగుడు ఆ గొట్టానికి ఉండదు. పై అంకె ఎక్కడానికీ కింది అంకె దిగడానికీ మూలం ఒక్కటే. రెంటి సగటు తీసి ఒకే గీత గీస్తే ఈ సంగతంతా మింగేసినట్టే.

ఇంకో మాట. వయసు పెరిగితే బీపీ పెరిగి తీరాలన్న రూలేమీ లేదు. 1988లో వచ్చిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనంలో 52 చోట్ల, పదివేల మందికి పైగా కొలిచారు. ఉప్పు దాదాపు తెలియని యానోమామీ లాంటి అడవి జనంలో పెద్దవయసులోనూ బీపీ పెద్దగా ఎక్కలేదు. బ్రిటన్ గీతలో వంపు ముప్పైల్లో వచ్చిందని మన ఊళ్ల డేటాకి కూడా అక్కడే ముడి వేయకూడదని చెప్పడానికి ఇది చాలు.

ఒక్కసారే కొలిచారా, మళ్లీ మళ్లీ కొలిచారా?

ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019–21లో జరిగింది. 15 ఏళ్లు దాటినవాళ్లకి మూడేసి సార్లు బీపీ కొలిచారు. అయితే ఆ మూడు సార్లూ ఒకే పూట. ఎంత పెద్ద సర్వే అయినా మనిషికి ఒక్క వయసే దొరుకుతుంది. అందులో 20 ఏళ్లవాడి పక్కన 70 ఏళ్లాయన్ని నిలబెట్టి గీత కలిపితే, ఆ కుర్రాడు 50 ఏళ్ల తర్వాత అలా అవుతాడని చెప్పినట్టు కాదు. ఆ పెద్దాయన పుట్టింది 1950 ప్రాంతంలో. ఆయన తిన్నది వేరు, నడిచిన దూరాలు వేరు. ఆయన ఈడువాళ్లలో బీపీ బాగా ఎక్కువున్నవాళ్లు కొందరు సర్వే వచ్చేసరికే లేరు. పుట్టిన ఏడుకి వయసు కలిపితే సర్వే ఏడు వస్తుంది. ఆ మూడింటి ప్రభావాన్నీ విడివిడిగా తేల్చే మంత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. ఏదో ఒకటి ఊహించుకోవాలి, ఊహించుకున్నామని రాయాలి.

అలాంటి డేటాతో అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. ఈ వయసువాళ్లలో ఎంత బీపీ మామూలు, ఎంత నూటికి అయిదుగురిలో మాత్రమే కనిపిస్తుంది? దానికి రెండు దారులున్నాయి, గామ్‌లెస్ ఒకటి, పర్సంటైల్‌నే (నూటికి ఇంతమంది దీని కిందే ఉంటారన్న అంకెనే) నేరుగా వయసుతో గీసే క్వాంటైల్ రిగ్రెషన్ ఒకటి. గామ్‌లెస్‌లో సగటుతో పాటు విస్తరణ, ఒరుగు కూడా వయసుతో మారతాయి. పర్సంటైల్ గీతలు నునుపుగా వస్తాయి, ఒకదాన్నొకటి దాటవు. డేటా ఏ పంపిణీలో ఉందో, అంటే అంకెలు ఏ ఆకారంలో పరుచుకున్నాయో మాత్రం ముందే చెప్పాలి. క్వాంటైల్ రిగ్రెషన్‌కి ఆ బాధ లేదు. అమెరికాలో పిల్లల బీపీ పట్టికల్ని 2017లో మార్చినప్పుడు దీన్నే వాడారు, అదీ బరువు మామూలుగా ఉన్న పిల్లల డేటాతోనే. బొద్దు పిల్లల్ని కలిపితే పర్సంటైలే పైకి జరుగుతుంది. అప్పుడు ఎక్కువ బీపీ ఉన్న పిల్లవాడు కూడా 'నార్మల్' కింద లెక్కకొస్తాడు.

మన దగ్గర క్వాంటైల్ రిగ్రెషన్‌కి ఒక చిక్కుంది. క్యాంపు రిజిస్టర్ తెరిచి చూడండి. 120/80, 130/80, 120/80, 140/90, 110/70. పేజీలకి పేజీలు చివర సున్నాలే. మెర్క్యురీ మిషన్‌తో కొలిచే చోట 124ని 120 అని రాయడం చేతికి అలవాటైపోయిన పని. అలాంటి డేటాలో మధ్య పర్సంటైల్ 120 దగ్గర కొన్నేళ్లు అతుక్కుపోయి, ఒక్కసారిగా 130కి ఎగురుతుంది. గీత బదులు మెట్లు వస్తాయి. చివరి అంకెల లెక్క తీస్తే ఇది అయిదు నిమిషాల్లో బయటపడుతుంది. రెండేసి గీతల మెర్క్యురీ మిషన్‌లో సున్నాలు అయిదింట ఒకటి ఉండాల్సిన చోట సగానికి పైగా ఉంటే గామ్‌లెస్ వైపే మొగ్గుతాను.

మళ్లీ మళ్లీ కొలిచిన డేటా

హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో 1987–90 మధ్య గర్భిణులకి, చిన్నపిల్లలకి అదనపు పోషకాహారం ఇచ్చి చూసిన ప్రయోగం ఒకటి జరిగింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు 2003–05లో ఆ పిల్లల్ని టీనేజీలో వెతికి పట్టుకున్నారు. తర్వాత అమ్మానాన్నల్నీ తోబుట్టువుల్నీ కలిపి అధ్యయనాన్ని పెంచారు. ఏపీక్యాప్స్ అని దానికి పేరు. ఆహారం అందిన ఊళ్ల పిల్లల ధమనులు కాస్త మెత్తగా ఉన్నాయి గానీ, బీపీలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అలాంటి డేటాకి లీనియర్ మిక్స్‌డ్ మోడలే మొదటి అడుగు. కొలతలు మనిషి లోపల, మనుషులు ఇంటి లోపల, ఇళ్లు ఊరి లోపల. ఒకే వంట తినే అన్నదమ్ముల్ని సంబంధం లేని ఇద్దరిలా లెక్కేస్తే స్టాండర్డ్ ఎర్రర్ (మన జవాబు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకె) ఉండాల్సినదానికంటే చిన్నదిగా వచ్చి మనల్ని మోసం చేస్తుంది.

మిక్స్‌డ్ మోడల్‌లో వయసుని ఏ ఆకారంలో పెట్టాలన్నదే ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న.

వయసు, వయసు వర్గం (స్క్వేర్), ఈ రెండే పెట్టడం అందరూ చేసేదే. నేను మాత్రం వద్దంటాను. పరాబొలాకి వంపు ఒక్కటే. 12 నుంచి 18 ఏళ్ల మధ్య బీపీ వేగంగా ఎక్కి, తర్వాత నిదానించిందనుకోండి. ఆ నిదానింపుని పట్టుకోడానికి సమీకరణం కిందికి వంగుతుంది. అదే వంపు ఆగకుండా సాగి, 70 ఏళ్లవాళ్ల దగ్గర గీతని కిందికి లాగేస్తుంది. ముసలివాళ్లలో బీపీ తగ్గుతోందని మీరు రాస్తారు. ఆ తగ్గుదల తెచ్చింది టీనేజీ పిల్లలు! వర్గానికి ఘనం కలిపితే మధ్యలో బాగుపడుతుంది, రెండు చివర్లూ తోకల్లా ఊగుతాయి. వయసుకి భిన్న ఘాతాలు కూడా వాడే ఫ్రాక్షనల్ పాలినామియల్స్ కొంత నయం, అయినా ఒక మూలన ఉన్న డేటా ఇంకో మూలని కదపడం వాటిలోనూ పోదు.

లీనియర్ స్ప్లైన్ అంటే ముక్కలు ముక్కలుగా గీసిన సరళరేఖలు, ముడుల దగ్గర కలుస్తాయి. దీని గొప్ప అంతా చెప్పడంలో ఉంది. లెక్క చూపడానికి ఊహించిన అంకెలతో చెబుతాను. 30 ఏళ్లకి సగటు పై బీపీ 116, 40 దాకా ఏడాదికి 0.3, 40 నుంచి 60 దాకా 0.8, ఆ తర్వాత 75 దాకా మళ్లీ 0.3 అనుకుందాం. 40కి 119, 60కి 135, 75కి 139.5. ఏ డాక్టరుగారికైనా ఒక్క వాక్యంలో అర్థమవుతుంది: "నలభై దాటాక ఏడాదికి 0.8 చొప్పున." ఒంట్లో బీపీ సరిగ్గా నలభయ్యో పుట్టినరోజున దారి మార్చదు, అది నిజమే. కానీ ఉప్పు తగ్గించిన ఊళ్లో నడివయసు పెరుగుదల తగ్గిందా లాంటి ప్రశ్నకి ఆ ముక్క వాలే జవాబు. ముడులు మాత్రం డేటా చూశాక గీత అందంగా వచ్చే చోట కాకుండా, ముందే అనుకున్న వయసుల దగ్గర వేయండి.

క్యూబిక్ స్ప్లైన్‌లో, అదీ రెండు చివర్లా సరళరేఖగా ఉండేలా కట్టేసిన రకంలో, ఆకారం బాగా దొరుకుతుంది. నాలుగైదు ముడులు చాలు. దాని గుణకాలకి మాత్రం విడిగా అర్థం ఉండదు. వాటిని పట్టికలో పెట్టి చదవమనడం వంట వదిలేసి దినుసుల చిట్టా వడ్డించినట్టు. బొమ్మ గీయాలి, 40కి ఇంత, 60కి ఇంత అని చదివి చెప్పాలి. ముడుల బెడద వద్దనుకుంటే గామ్ తరహా నునుపు గీతలున్నాయి, ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఎంజీసీవీ ప్యాకేజీతో వస్తాయి. ఎంత వంగాలో అదే తేల్చుకుంటుంది. డేటా పెద్దదై, ఆకారం ఎలా ఉంటుందో ముందు ఏమీ తెలియనప్పుడు నేను మొదట గీసేది ఆ గీతే. దాన్ని చూసి, చెప్పడానికి లీనియర్ స్ప్లైన్‌కి వస్తాను.

పిల్లల ఎదుగుదల మీద పనిచేసేవాళ్లు సైటార్ అనే మోడల్ గురించి అడుగుతారు. అందరికీ ఒకే ఆకారం, మనిషి మనిషికీ పరిమాణం, సమయం, వేగం మాత్రమే మారతాయని అది అనుకుంటుంది. పొడవుకి అద్భుతంగా సరిపోతుంది. పొడవు కొలతలో తప్పు సెంటీమీటరు లోపే, టీనేజీలో పెరిగేది పదుల సెంటీమీటర్లు. బీపీలో తప్పు పెద్దది, పెరుగుదల చిన్నది, అందుకని ఈ మోడల్ ఎక్కువసార్లు తేలకుండానే ఆగిపోతుంది.

ఇక మనిషికో వాలు, అంటే ఎవరి పెరుగుదల వేగం వాళ్లకి, ఇవ్వాలా వద్దా. ఒకే మనిషికి వేర్వేరు రోజుల్లో కొలిస్తేనే పై బీపీ 8 మిల్లీమీటర్ల చొప్పున ఊగుతుందనుకుందాం, అది ఎక్కువేం కాదు. మూడేళ్ల తేడాతో రెండు కొలతలు తీసుకుంటే వాటి తేడాలో ఊగుడు 11 దాకా ఉంటుంది. మూడేళ్లలో నిజంగా పెరిగేది రెండు. అలాంటప్పుడు "ఈవిడకి బీపీ వేగంగా పెరుగుతోంది" అనడం చిలక జోస్యమే. మనిషికి మూడు కొలతల కంటే తక్కువ ఉంటే మనిషికో మొదలుతో (గీత ఎంత ఎత్తులో ఉందన్నది మాత్రమే మనిషికి మారనిచ్చి) ఆపేయండి, వాలు ఆశించకండి. నాలుగైదు ఉంటే వాలు ఇవ్వండి. మనిషికో వంపు అన్న ఆశ పదేళ్లలో పది కొలతలున్నవాళ్లకే.

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకెళ్తాను. వయసుని సున్నా నుంచి కాకుండా 50 నుంచి లెక్కపెట్టండి, 45 అంటే మైనస్ 5 అన్నట్టు. సున్నా ఏళ్ల దగ్గర బీపీ ఎంతో చెప్పమని మోడల్‌ని అడిగితే అది తికమకపడి 'కన్వర్జ్ కాలేదు', అంటే లెక్క తేలలేదు, అని ఎర్ర అక్షరాలు చూపిస్తుంది. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే.

గ్రూపుల మోజు

ట్రాజెక్టరీ మోడళ్లకి గిరాకీ ఎక్కువ. 1985–86లో మొదలైన అమెరికా కార్డియా అధ్యయనంలో 4,681 మందిని 25 ఏళ్లు వెంబడించి, 2014లో అయిదు గ్రూపులు తీశారు. తక్కువగా నిలకడగా ఉన్నవాళ్ల దగ్గర మొదలై, ఎక్కువగా ఉండి ఇంకా ఎక్కుతున్నవాళ్ల దాకా. ఆఖరి గ్రూపులో ఉన్నది నూటికి అయిదుగురు. వాళ్ల గుండె ధమనుల్లో కాల్షియం పేరుకునే అవకాశం బాగా ఎక్కువని తేలింది. అయిదు రంగుల గీతలతో బొమ్మ చూడముచ్చటగా ఉంటుంది. అప్పటి నుంచి అందరికీ అయిదు రంగులు కావాలి.

ఇది పాత తగువే. 1950ల్లో బ్రిటన్‌లో రాబర్ట్ ప్లాట్, జార్జ్ పికరింగ్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ విషయం మీదే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అధిక రక్తపోటు ఒక ప్రత్యేకమైన జబ్బనీ, అది ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అని జనం రెండుగా విడిపోతారనీ ప్లాట్ వాదన. బీపీ జనంలో ఎడతెగకుండా పరుచుకుని ఉంటుందనీ, గీత గీసి విడదీసేది మనమేననీ పికరింగ్ అన్నాడు. గెలిచింది పికరింగ్. ట్రాజెక్టరీ గ్రూపుల్లో ప్లాట్ మళ్లీ దొడ్డిదారిన వచ్చి కూర్చున్నాడు, అంతే.

గ్రూపులు నిజంగా లేకపోయినా ఈ మోడళ్లు గ్రూపులు చూపిస్తాయి. ఒకే జనాభాలో పంపిణీ ఒక పక్కకి ఒరిగి ఉంటే చాలు, ట్రాజెక్టరీ మోడళ్లలో ఒక రకమైన గ్రోత్ మిక్స్చర్ మోడల్ దాన్ని రెండుగానో మూడుగానో చీలుస్తుందని బావర్, కరన్ 2003లోనే చూపించారు. బీపీ ఎప్పుడూ కుడివైపుకి ఒరిగే ఉంటుంది. పైగా నేగిన్ తరహా గ్రూప్ బేస్డ్ మోడల్‌లో ఒక గ్రూపువాళ్లంతా ఒకే గీత మీద నడుస్తారనుకుంటాం. నడవరు కాబట్టి, ఆ తేడాని మింగడానికి మోడల్ ఇంకో గ్రూపు పుట్టిస్తుంది. డేటా పెద్దదయ్యే కొద్దీ బీఐసీ (ఎన్ని గ్రూపులు చాలో తేల్చడానికి చూసే స్కోరు) ఇంకో గ్రూపు, ఇంకో గ్రూపు అంటూనే ఉంటుంది. ఆరో గ్రూపు దగ్గర ఆపింది డేటా కాదు, మీ ఓపిక.

అయినా వాడాలనిపిస్తే గ్రూపు లోపల మనిషికో మొదలు, మనిషికో వాలు ఇవ్వగల రకాన్ని, అంటే ఆర్‌లో ఎల్‌సీఎంఎం లాంటిదాన్ని పట్టుకోండి. దాని పక్కనే మామూలు మిక్స్‌డ్ మోడల్ కూడా వేసి, ఎవరికి స్ట్రోక్ వచ్చిందో రెంటిలో ఏది మెరుగ్గా చెబుతోందో చూడండి. గ్రూపులు ఏమీ కలపకపోతే అవి బొమ్మకి పనికొస్తాయి, ముగింపుకి పనికిరావు. గ్రూపులు వచ్చాక "మూడో గ్రూపువాళ్లకి మందులు ముందే ఇవ్వాలి" అని రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మనిషి ఏ గ్రూపో తేలడానికి పాతికేళ్ల కొలతలు కావాలి. ఓపీ గదిలో కూర్చున్నవాడి దగ్గర ఉన్నది ఇవాళ్టి కొలత ఒక్కటే.

మాత్రలు

ఇక ఆ అమ్మాయి తీసేసినవాళ్ల దగ్గరికి వద్దాం. ఒకావిడని ఊహించుకోండి. 50 ఏళ్లకి పై బీపీ 138. 54కి 152. పీహెచ్‌సీలో మాత్ర రాశారు. 58కి 134, 62కి 136.

ఈవిడని మొత్తంగా తీసేస్తే, బీపీ బాగా పెరిగే మనుషుల్నే ఏరి పక్కన పెట్టినట్టు. మిగిలినవాళ్ల గీత చదునుగా, ముద్దుగా ఉంటుంది. ఆ అమ్మాయికి నచ్చింది అదే. మాత్రల సంగతి పట్టించుకోకుండా ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే 54 తర్వాత ఆవిడ బీపీ తనంతట తానే దిగిందని మోడల్ అనుకుంటుంది. చదువుకున్నవాళ్లు చేసే మూడో పొరపాటు, 'మాత్రలు వేసుకుంటున్నారా' అన్నదాన్ని మోడల్‌లో ఇంకో చలరాశిగా పెట్టడం. అప్పుడు తరచూ మాత్రలు బీపీని పెంచుతున్నట్టు గుణకం వస్తుంది. మాత్రలు వేసుకునేవాళ్లలో వేసుకున్నాక కూడా బీపీ ఎక్కువే ఉంటుంది, ఎక్కువ ఉంది కాబట్టే వేసుకుంటున్నారు.

టోబిన్, ఆయన తోటివాళ్లు 2005లో ఈ దారులన్నీ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. తీసేయడం, వదిలేయడం, చలరాశిగా పెట్టడం మూడూ ఫలితాన్ని వంకర చేశాయి. రెండు పద్ధతులు నిలబడ్డాయి. ఒకటి, మాత్ర వేసుకుంటున్నవాళ్ల కొలతకి ఒక స్థిరమైన అంకె కలపడం. రెండోది, అసలు బీపీ కనీసం ఇంత ఉంటుంది, పైన ఎంతో తెలియదు అని సెన్సర్డ్ కొలతగా తీసుకోవడం. వాళ్లు చూపించిన అంకె 10. పెద్ద జన్యు అధ్యయనాల్లో పై బీపీకి 15, కింది బీపీకి 10 కలపడం వాడుకలో ఉంది. పది కలిపితే మన ఆవిడ గీత 138, 152, 144, 146 అవుతుంది.

152 నుంచి 144కి ఎందుకు దిగిందని మీరు అడగాలి. ఆ 152 ఆవిడకి మాత్ర తెచ్చిన కొలత. ఆ రోజు టెన్షన్‌లో ఉందో, మెట్లెక్కి వచ్చిందో. అలా పైకి ఊగిన రోజునే మాత్ర మొదలవుతుంది, కాబట్టి మాత్ర లేకపోయినా తర్వాతి కొలత కొంత దిగేది. అందుకే పదే ఎందుకు, ఇరవై ఎందుకు కాకూడదు అనేవాళ్లకి నేను 5, 10, 15 మూడూ కలిపి చూడమంటాను. మూడింట్లోనూ ఒకే మాట చెప్పగలిగితే నిద్ర పడుతుంది.

ప్రశ్నని బట్టి కూడా మారుతుంది. ఈ జిల్లాలో 60 ఏళ్లవాళ్ల ధమనులు ఇప్పుడు ఎంత ఒత్తిడి మోస్తున్నాయన్నదే ప్రశ్న అయితే ఏమీ కలపొద్దు, ఉన్న కొలతే కావాలి. ఒంట్లో బీపీ తనంతట తాను ఎటు పోయేది అన్నది ప్రశ్న అయితే కలపాలి. చాలా థీసిస్‌లలో మొదటి అధ్యాయం రెండో ప్రశ్న అడిగి, నాలుగో అధ్యాయం మొదటిదానికి జవాబు చెబుతుంది.

చివరి వయసులు

ముసలితనంలో గీత దిగడం నిజమా, బీపీ ఎక్కువున్నవాళ్లు ముందే పోవడం వల్ల కనిపించే భ్రమా? రెండూ ఉన్నాయి. బ్రిటన్‌లో 60 దాటి చనిపోయిన 46,634 మంది వైద్య రికార్డుల్ని 2018లో వెనక్కి తిరగేశారు. బీపీ మరణానికి 14 నుంచి 18 ఏళ్ల ముందు శిఖరం తాకి, అక్కడి నుంచి దిగుతూ వచ్చింది. గుండె బలహీనపడినవాళ్లలో, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లలో, బరువు తగ్గినవాళ్లలో దిగుదల ఎక్కువ. బీపీ జబ్బే లేనివాళ్లలోనూ కొంత దిగింది. అలాంటి చోట గీత కింద వయసు పెట్టడమా, మరణానికి మిగిలిన కాలం పెట్టడమా అన్నది ఏ స్ప్లైన్ అన్నదానికంటే పెద్ద ఎంపిక.

మామూలు మిక్స్‌డ్ మోడల్ పోయినవాళ్లకి కూడా, బతికుంటే బీపీ ఎలా సాగేదో మనకి తెలియకుండానే లోపల ఊహించేస్తుంది. 50 లోపు వాళ్ల డేటాలో దానివల్ల నష్టం లేదు. 70 దాటినవాళ్లు బాగా ఉంటే బీపీ గీతనీ మరణాన్నీ కలిపి లెక్కించే జాయింట్ మోడల్ వేయాలి. కంప్యూటర్‌కి రాత్రంతా పడుతుంది, వేయండి.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇది. ముందు చివరి అంకెల లెక్క తియ్యి. మధ్యలో మెర్క్యురీ మిషన్ నుంచి డిజిటల్‌కి మారిన ఏడు ఏదో కనుక్కుని, దాన్ని మోడల్‌లో పెట్టు. ఒకే పూట రెండు మూడు కొలతలుంటే మొదటిది వదిలేసి మిగిలినవాటి సగటు తీసుకో. తీసేసినవాళ్లందర్నీ వెనక్కి తెచ్చి పది కలుపు. వయసుని 50 నుంచి లెక్కపెట్టి, ఆడ మగ విడిగా, 40, 60 దగ్గర ముడులతో లీనియర్ స్ప్లైన్, మనిషికో మొదలు, మనిషికో వాలు, పైన ఇల్లు. ఆకారం సరిపోయిందో లేదో గామ్ గీతతో పోల్చి చూడు. గ్రూపుల బొమ్మ కావాలని గైడుగారు పట్టుబడితే అనుబంధంలో పెట్టు.

రెండు వారాల తర్వాత ఫోన్ చేసింది. పది కలపడానికి కూర్చుంటే, మాత్ర ఎప్పుడు మొదలుపెట్టారో ఫారంలో గడే లేదట. 'వేసుకుంటున్నారా, అవును, కాదు' అంతే ఉంది, అదీ చివరి రౌండులోనే. మళ్లీ ఊళ్లకి వెళ్లి అడుగుతోంది. ఏ సంవత్సరమో ఎవరూ చెప్పడం లేదు. "పెద్దదాని పెళ్లయిన ఏడు మేడమ్" అంటున్నారట, "కరోనాకి ముందే" అంటున్నారట, ఒకాయన అయితే "బోరు వేయించిన ఎండాకాలం" అన్నాడట. పెళ్లిళ్ల తేదీలన్నీ నోట్‌బుక్కులో రాసుకుంటోంది.